టానిక్ ఇవ్వాలా, మాత్ర ఇవ్వాలా

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. మందుల షాపులో ఫార్మసిస్టుగా చేరేనాటికి నాకు మాత్ర మింగడం రాదు. ఆ తర్వాత ఆరేళ్లకు కూడా రాలేదు.

అమ్మకు సగమే తెలుసు. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, బెల్లంలో కలిపి నాకించేది. పెద్దయ్యాక ఆ అలవాటు పోయిందనుకుంది. పోలేదు. తలుపు వేసుకుని నేనే నలుపుకునేదాన్ని. మాత్ర కడుపులో ఎంతసేపటికి విడిపోతుందో, ఎంతసేపటికి కరుగుతుందో డి.ఫార్మసీ పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నా కడుపులోకి ఒక్క మాత్ర కూడా నలగకుండా వెళ్లలేదు.

నవ్వుకోండి, ఫరవాలేదు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. కానీ ఉద్యోగంలో నేను చేసిన అతిపెద్ద తప్పు ఇక్కడినుంచే మొలిచింది కాబట్టి దీన్ని దాచి మిగతాది రాయలేను.

ఏడేళ్ల కౌంటర్

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర విఠల్ సార్ మందుల షాపులో ఏడేళ్లు పనిచేశాను. మోకాళ్లు ఇక నిలబడనివ్వడం లేదని సార్ ఈమధ్యే షాపు మూసేశారు. నేను ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్లకు రిటైర్మెంటు ఏమిటని ఇంట్లో వేళాకోళం చేస్తున్నారు. అయినా కౌంటర్ వెనక పని నాకు ముగిసిపోయింది. అందుకే రిటైరైనవాళ్లు రాసినట్టే రాస్తున్నాను, కొత్తగా అక్కడ నిలబడబోయే చెల్లెళ్ల కోసం, తమ్ముళ్ల కోసం.

నేను మాటలు తక్కువ మనిషిని. మొదటి ఏడాది చాలామంది నన్ను మూగపిల్ల అనుకున్నారట. చిన్నకోడూరు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఛాతీ మీద చెయ్యి పెట్టి, దగ్గి చూపించి, దగ్గుమందు అడిగేవాడు. నేనూ సైగలతోనే ఇచ్చేదాన్ని. ఆరు నెలల తర్వాత ఒకరోజు "రోజుకు మూడుసార్లు తాగండి" అని నోరు తెరిస్తే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

మధ్యాహ్నం జనం తగ్గాక కౌంటర్ కింద పుస్తకం పెట్టుకుని చదువుకునేదాన్ని. సార్‌కు తెలుసు. కథ అయిపోయాక చెప్పమనేవారు, పై అరలోంచి డబ్బాలు దించాలని. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

చీటీ చూసి డబ్బా తీయడమే ఈ పని అనుకుంటారు. అది పావువంతు. మిగిలిన ముప్పావు, ఆ మందు సంచిలో పడి ఇంటికి చేరాక అక్కడ ఏమవుతుందో ఊహించడం. ఇది కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఇకమీదట నేను చెబుతాను.

మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది బలం మందు. నీరసంగా ఉంది, బలం మందు. పిల్లవాడు తినడం లేదు, బలం మందు. బలానికి మా వాళ్ల మనసులో ఒక రూపం ఉంది. ఎర్రగా ఉండాలి, తియ్యగా ఉండాలి, సీసా చేతికి బరువుగా తగలాలి. గోలీ అంటే రోగం. టానిక్ అంటే ఆరోగ్యం. దవాఖానలో ఉన్న చుట్టాన్ని చూడబోతూ యాపిల్ పండ్లతోపాటు టానిక్ సీసా పట్టుకెళ్లేవాళ్లను ఎందరినో చూశాను. గోలీల పట్టీ ఎవరైనా చుట్టానికి కానుకగా పట్టుకెళ్తారా?

బలం మందు అడిగినవాళ్లను విఠల్ సార్ మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏం తింటున్నవ్?" పొద్దున చాయ్, మధ్యాహ్నం పచ్చడి మెతుకులు, సాయంత్రం మళ్లీ చాయ్ అని తెలిశాక, గుడ్డు, పప్పు, ఆకుకూర, గుప్పెడు పల్లీలు చెప్పి, అయినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పొమ్మని పంపేవారు. పక్క షాపువాళ్లు నవ్వేవాళ్లు, వచ్చిన గిరాకీని వాపస్ పంపే దుకాణం ఇదొక్కటేనని. నా అభిప్రాయం అడిగితే, విటమిన్లు కొనడానికి వచ్చేవాళ్లలో చాలామందికి ద్రవమూ అక్కర్లేదు, మాత్రా అక్కర్లేదు. ఈ మాట చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. నాకు మూడేళ్లు పట్టింది.

అయిదు చెంచాలు

నేను చేరిన రెండో వారంలో సార్ సొరుగు లాగి అయిదు చెంచాలు కౌంటర్ మీద పరిచారు. ఒక్కొక్కటి ఒక్కో ఇంటిది. టానిక్ రోజూ చెంచాడు పోస్తున్నామని చెప్పిన తల్లులను ఆయన ఈసారి వచ్చేటప్పుడు ఆ చెంచా తెమ్మనేవారు. తెచ్చినవాళ్లకు గీతలున్న కొలత మూత ఇచ్చి, చెంచా తన దగ్గర ఉంచుకునేవారు. నా చేత ఒక్కోదాన్లో నీళ్లు పోయించి, ఆ నీళ్లను కొలత మూతలోకి వంపించారు. ఒకటి మూతలో సగం కూడా రాలేదు. ఒకటి మూత నిండి పొర్లింది.

"అందరు చెంచాడే పోసిన్రు. అందరు నిజమే చెప్పిన్రు," అన్నారు సార్.

ద్రవం గురించి నాకు తెలిసిందంతా ఆ రోజే మొదలైంది. పసిపిల్లలకు, మింగలేని ముసలివాళ్లకు అది దేవుడిచ్చిన వరం. కానీ కొలత ఇంట్లోవాళ్ల చేతిలో ఉంటుంది. చక్కెర ఉంటుంది. ఊపకపోతే అడుగున చిక్కగా, పైన పలుచగా అవుతుంది. మూత తీశాక ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తుండదు. ఇనుము ఉన్నదైతే పళ్లు నల్లబడతాయి. మాత్రకు కొలత ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. ఎండకు, ప్రయాణానికి తట్టుకుంటుంది. దాని చిక్కంతా గొంతు దగ్గరే. కొన్ని మాత్రలు కడుపులో నెమ్మదిగా కరగడానికి చేసినవి, వాటిని నలపకూడదు. ఈ మాట నేను కౌంటర్లో వందసార్లు చెప్పి, ఇంటికెళ్లి నా మాత్రలు నలుపుకున్నాను.

ద్రవం తొందరగా ఒంటికి పడుతుందని అడుగుతారు. నెలల తరబడి వాడాల్సిన మందుకు ఆ కొన్ని నిమిషాల తేడాతో ఏం పని? రోజూ మానకుండా ఏది లోపలికి వెళ్తుందో అదే మంచిది. ఎవరి లోపలికి అన్నది కూడా చూసుకోవాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

లావణ్య

పోయిన వానాకాలం. లావణ్యకు ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. చిన్నకోడూరు దాటాక ఒక పల్లెలో అత్తగారిల్లు, భర్త మస్కట్‌లో పని. తల్లిగారిల్లు సిద్దిపేటలోనే. అయిదో నెల కడుపు. మా సందు వెనక ఉన్న నర్సింగ్ హోంలో డాక్టరమ్మ రక్తం తక్కువుందని చూసి, ఇనుము మాత్రలు రోజుకొకటి రాసింది. వారం తిరిగేసరికి లావణ్య ఆ పట్టీని మళ్లీ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. రెండే ఖాళీ అయ్యాయి.

"అక్కా, గిదే మందు నీళ్ల లెక్క ఉండదా? గోలి గొంతులనే నిలవడుతాంది. మొన్న కక్కుకున్న," అంది, అదేదో తన నేరమైనట్టు.

ఆ పిల్ల గుటక వేస్తూ చెప్పిన తీరు చూసి నాలాంటి మనిషి దొరికింది అనిపించింది. ఉంది, అదే మందు ఎర్రటి సిరప్‌గా ఉంది. ఇచ్చేముందు డాక్టరమ్మకు ఒక ఫోన్ చేయాలి. ఫోన్ చేతికందేంత దూరంలోనే ఉంది. కానీ డాక్టర్లకు ఫోన్ చేయాలంటే నేను మొదటి వాక్యాన్ని పదిసార్లు మనసులో చదువుకోవాలి. సార్ భోజనానికి వెళ్లారు. మాత్రలు మానేసి ఇది తాగమని నెలకు సరిపడా రెండు సీసాలు ఇచ్చాను. కొలత మూత మీద పెన్నుతో గీత గీసి, రోజుకు రెండు మూతలని చెప్పాను. లావణ్య మూత తీసి వాసన చూసి నవ్వింది. ఆ రోజు డైరీలో "ఇవాళ ఒకరి కష్టం తీర్చాను" అని రాసుకున్నాను. ఆ పేజీ చింపలేదు, ఉండనిచ్చాను.

నెల దాటాక లావణ్య రిపోర్టు పట్టుకుని వచ్చింది. రక్తం చుక్క కూడా పెరగలేదు, ఇంకొంచెం తగ్గింది. డాక్టరమ్మ తేల్చి చెప్పిందట. ఆరు వారాల్లో హిమోగ్లోబిన్ పదికి రాకపోతే కాన్పు ఇక్కడ చేయను, రక్తం ఎక్కించే ఏర్పాటున్న హైదరాబాదు పెద్ద దవాఖానకు పంపిస్తాను అని. ఆమె భయం న్యాయమైనది. కాన్పులో ఏ తల్లికైనా కొంత రక్తం పోతుంది. ముందే తక్కువున్న తల్లికి ఆ కొంతే ప్రాణం మీదికి తెస్తుంది.

"అమ్మ ఈడనే, అత్తమ్మ ఈడనే. హైదరాబాదుల నాకెవరున్నరక్కా?" అంది లావణ్య. కళ్లు తుడుచుకుని, "నాకేమన్న అయితదా?" అని మెల్లగా అడిగింది.

రోజూ తాగుతున్నావా అని అడిగాను. తాగుతున్నానని తలూపింది. అంతకన్నా ఏం అడగాలో నాకు తెలియలేదు, అంతకన్నా ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఇద్దరం ఒకే బాపతు. ఏం చేయాలో తోచక ఇంకో సీసా ఇచ్చి పంపాను. అది రెండో తప్పు.

సార్ వచ్చాక అంతా చెప్పాను. ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడితే తేలికగా ఉండేది.

"డాక్టరమ్మకు ఎర్కనా?"

"లేదు సార్."

సార్ ఆ సిరప్ సీసాను వెలుతురుకు ఎత్తి, తిప్పి చూశారు. "సీసల మందు మంచిగనే ఉన్నది. మరి ఇంట్ల ఏమైతుందో నీకెర్కనా, నాకెర్కనా? ఆదివారం పోయి సూసిరా. ముందుగాల డాక్టరమ్మకు చెప్పు."

డాక్టరమ్మ దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్లాను. వాక్యం చదువుకోవడానికి కూడా వ్యవధి తీసుకోలేదు. ఆమె కళ్లజోడు మీదుగా చూసి, నా చీటీ మార్చేముందు ఒక ఫోన్ చేస్తే నోట్ల ముత్యాలు రాలుతయా అని అడిగింది. రాలవని ఒప్పుకున్నాను. ఇంట్లో ఏం జరుగుతోందో చూసొచ్చాకే మందు మారుస్తానంది. ఇక్కడ ఒక మాట. సిగ్గు మన స్వభావం కావచ్చు, కానీ చీటీ మీద మందు మార్చే హక్కు అది ఇవ్వదు. సిగ్గరులు కౌంటర్లో ఉండొచ్చు. ఫోన్ చేయని సిగ్గరులు ఉండకూడదు.

నల్ల పళ్లు

ఆదివారం మధ్యాహ్నం స్కూటీ మీద ఆ ఊరు వెళ్లాను. ఒక గిరాకీ ఇంటికి వెళ్లడం నాకు అదే మొదలు. ఆ గుమ్మం ముందు అయిదేళ్ల పాప, లావణ్య బావగారి కూతురు, నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వింది. పళ్లు బూడిద రంగులో ఉన్నాయి. దాని వెనక నుంచి చెల్లెలు తొంగిచూసి నవ్వింది. దానివీ అంతే. ఇనుము మందు చేసే మరక అది.

లోపల అందరూ అప్పుడే భోజనాలు ముగించారు. లావణ్య అత్తగారు నర్సవ్వ గోడవారగా అందరినీ వరసలో కూర్చోబెట్టి, గూట్లోంచి నేనిచ్చిన సీసా తీసింది. మొదటి మూత లావణ్యకు. తర్వాత పిల్లలిద్దరికీ చెరొకటి. పక్కింటి ముసలమ్మ తన స్టీలు గ్లాసుతో సిద్ధంగా ఉంది, ఆమెకొకటి. తను సగం మూత తాగింది. ఆ సీసా ఇచ్చి నాలుగు రోజులే అయింది. అడుగున వేలెడు మందు మిగిలింది. నర్సవ్వ నన్ను ఎగాదిగా చూసి మూత నా వైపు చాపింది.

"నువ్వు గూడ తాగు బిడ్డా. మస్తు బక్కగున్నవ్."

"అవ్వా, అది లావణ్య మందు," అన్నాను.

"లావణ్యదే. మొదలు దానికే పోస్తి గద."

"అందరికీ పోస్తున్నవ్."

"మరి పొయ్యద్దా? కడుపుతోని ఉన్న పిల్ల, గింత తియ్యటిది ఒక్కతే తాగితె, ఇంట్ల పిల్లలు నోట్లె ఏలువెట్టుకోని సూడరా? గా సూపు దిష్టి కాదా? దిష్టి తాకితె నీ మందు ఆపుతదా?"

గర్భిణి ఏది తిన్నా చుట్టూ ఉన్నవాళ్లకు పెట్టి తినాలన్నది ఆ ఇంటి మర్యాద. మామిడికాయ ముక్కకు ఉన్న నియమమే టానిక్‌కూ వర్తించింది. నెలకని ఇచ్చిన రెండు సీసాలు పదమూడు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత నెల రోజుల చెకప్పుకు వచ్చేదాకా ఎవరూ సిద్దిపేట రాలేదు. రెండు మూతలు తాగాల్సిన పిల్ల పదమూడు రోజులు ఒక్కో మూత తాగి ఊరుకుంది. లావణ్య అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆమె మందు దొంగిలించలేదు. అందరూ కలిసి ఆమెను కాపాడుతున్నారు.

ఆ రోజు నేను మాట్లాడినంత నా జీవితంలో ఎప్పుడూ ఒక్కసారిగా మాట్లాడలేదు. ఇనుము మందు పెద్దలకు కొలిచి ఇచ్చేది, చిన్నపిల్లలు ఎక్కువ తాగితే ప్రాణానికే ప్రమాదం, సీసా పిల్లలకు అందే గూట్లో పెట్టనే కూడదు అని చెప్పాను. అది వినగానే నర్సవ్వ పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని నోళ్లు తెరిచి చూసింది. కడుపులో నొప్పేమైనా ఉందా అని అడిగితే, లేదు, ఇంకొంచెం పోయమన్నాయి ఆ రెండూ. నర్సవ్వకు చక్కెర జబ్బు ఉందని కూడా అప్పుడే తెలిసింది. అందుకే సగం మూతే తాగుతున్నానని ఆమె చాలా బుద్ధిమంతురాలిలా చెప్పింది.

తర్వాత ఆమె సీసా ఎత్తి అడుగున మిగిలింది చూసింది. "నా శేతులార కోడలి రక్తం అందరికి పంచితినా?" అంది.

తప్పు నాది అవ్వా, ఇంట్లో ఎంతమంది ఉన్నారని నేను అడగలేదు అన్నాను. లావణ్య తల వంచుకుని ఉంది. అత్తమ్మ ముందు నోరు విప్పలేక ఆ వరసలో రోజూ మొదట కూర్చున్న పిల్ల అది. మిగిలిన సీసా నా సంచిలో వేసుకున్నాను. పిల్లలను మర్నాడే డాక్టరమ్మ చూసింది. పళ్ల మరక తప్ప ఏమీ లేదంది. ఆ మరక తోమితే కొన్నాళ్లకు పోయింది.

బూందీ

డాక్టరమ్మ మళ్లీ మాత్రే రాసింది, ఈసారి కొంచెం చిన్నది. పరగడుపున వద్దు, వాంతి వస్తుంది, రాత్రి అన్నం తిన్నాక వేసుకొమ్మంది. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చాయ్‌కీ గోలీకీ మధ్య రెండు గంటలు ఉండాలి. అన్నీ చెప్పి నా వైపు తిరిగి, మింగుడు నువ్వే నేర్పు, సీసా ఇచ్చింది నువ్వే గద అంది.

సరే మేడం అని వచ్చేశాను. ఏం సరే? నాకే రాదు.

దారిలో తీపి బూందీ పొట్లం కొన్నాను. గది తలుపు వేసుకుని, ఒక్కో బూందీ గింజ నాలుక మీద పెట్టుకుని, నమలకుండా నీళ్లతో మింగడం మొదలుపెట్టాను. మొదటి రోజు పొట్లంలో సగం నమిలేశాను. అమ్మ తలుపు తట్టి ఏం చేస్తున్నావంటే బూందీ తింటున్నానన్నాను. అబద్ధం కాదు. రెండో రోజు అద్దంలో చూస్తే అసలు సంగతి కనబడింది. మింగేముందు నేను తల వెనక్కి వాలుస్తున్నాను, అక్కడే గొంతు బిగుసుకుంటోంది. తల నిటారుగా ఉంచి, గడ్డం కొంచెం కిందికి దించి, నోటినిండా నీళ్లు తీసుకుని మింగితే గింజ ఎటు పోయిందో తెలియలేదు. మూడో రోజు విటమిన్ మాత్ర వేసుకున్నాను. వెళ్లిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషిని, గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం ఆ ఊళ్లో అందరి ముందు పాఠం. లావణ్య మొదటిసారి దగ్గి ఉమ్మేసింది. రెండోసారి మాత్ర నాలుక కిందికి జారింది.

"కోడి నీళ్లు తాగినట్టు తల లేపకే," అని నర్సవ్వ పక్కనుంచి పంతులమ్మలా అందుకుంది.

మూడోసారి లావణ్య గుటక వేసి, కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి చూపింది. పిల్లలిద్దరూ లోపలికి తొంగిచూసి, లేదు, లేదు అని ఇల్లంతా చెప్పొచ్చారు.

దిష్టి మాట నేను ఎత్తడానికి భయపడుతుంటే నర్సవ్వే ఎత్తింది. గోలి తియ్యగుంటుందా అని అడిగింది. ఉండదు, చప్పరిస్తే తుప్పు రుచి అన్నాను.

"తుప్పుకు దిష్టేడిది? దాన్నెవడు సూస్తడు?" అంది తేలికపడి.

అయినా వరస అలవాటైన పిల్లలు అన్నం కాగానే గోడవారన కూర్చుంటున్నారని, నర్సవ్వ అందరికీ తలా ఒక పల్లీపట్టి ముక్క పెట్టడం మొదలుపెట్టింది. లావణ్యకూ పెట్టేది. గోలీల పట్టీ మాత్రం నడుముకు దోపుకునే తన బొడ్ల సంచిలో, పోకచెక్కలతోపాటు దాచుకుంది. కోడలు మింగేదాకా కదిలేది కాదు. చాయ్ వేళ కోడలి గ్లాసు ఎత్తేసేది. ఖాళీ పట్టీలు పారేయకుండా రబ్బరు బ్యాండు వేసి తెచ్చి నా ముందు పెట్టేది, చూసుకో, ఒక్కటి తప్పలేదు అని. ఏడేళ్లలో నాకు అంత కచ్చితమైన అసిస్టెంటు దొరకలేదు.

ఆరు వారాల రిపోర్టు వచ్చిన రోజు అత్తాకోడళ్లు డాక్టరమ్మ దగ్గరినుంచి నేరుగా షాపుకే వచ్చారు. డాక్టరమ్మ చదివి చెప్పినా నర్సవ్వకు చాలలేదు. నాచేత మూడుసార్లు చదివించింది. పది దాటింది.

"పది అంటె పాసేనా?" అంది.

"పాసే అవ్వా."

"ఈడనేనా మరి కాన్పు?"

"ఈడనే."

లోపల కుర్చీలో కూర్చున్న విఠల్ సార్ మాకు కనబడకుండా పేపరు ఎత్తి పట్టుకున్నారు. పేపరు కొంచెం వణికింది. నవ్వుతున్నారు.

మీకు చెప్పాలనుకున్నది

పెద్దగా ఏమీ లేదు. టానిక్ అడిగినా, మాత్ర అడిగినా, వెనక్కి తిరిగి అర వైపు చూసేముందు ఆ మనిషిని చూడండి. ఏం తింటారు, ఇంట్లో ఎంతమంది, చక్కెర ఉందా, మింగగలరా, సీసా ఎక్కడ పెడతారు, చెంచా ఏది అని అడగండి. తప్పుగా వాడేవాళ్లను మూర్ఖులనుకోకండి. వాళ్లకు ఒక కారణం ఉంటుంది, తరచుగా అది ప్రేమే అయివుంటుంది. మీకు రానిదేదైనా ఉంటే దాన్ని దాచుకుని మందులివ్వకండి. నేను మాత్రలంటే భయపడ్డాను కాబట్టి అందరికీ సీసాలే మంచివనుకున్నాను. మాత్రలు సులువుగా మింగే ఇంకొకరు అందరినీ మింగమంటారు. మన గొంతు కొలతతో ఇంకొకరికి మందు ఇవ్వకూడదు.

మంచి యజమాని దొరికితే జీతం సంగతి తర్వాత చూసుకోండి. నేను తప్పు చేసినప్పుడు విఠల్ సార్ తిట్టలేదు, ఆ ఇంటికి పంపారు. తిట్టి ఉంటే నాకు సీసా, మాత్ర మాత్రమే గుర్తుండేవి, ఆ ఇల్లు తెలిసేదే కాదు.

నర్సింగ్ హోంలో

లావణ్యకు వారం సంత జరిగే అంగడి రోజు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. షాపు మూసేయడానికి ఇంకా వారమే ఉంది, అరలు సగం ఖాళీ. సార్ నన్ను చూసి, గిట్ల మనసు అక్కడ వెట్టుకోని డబ్బాలు సర్దితే ఒకదాంట్ల ఒకటి వడతయి, పోయిరా అన్నారు.

నేను వెళ్లేసరికి అయిపోయింది. మామూలు కాన్పు. ఆడపిల్ల. రక్తం ఎక్కించే అవసరమే రాలేదని డాక్టరమ్మ వరండాలో నన్ను ఆపి చెప్పింది. ఆమె నా భుజం తట్టి పోయింది, ఆ తట్టడంలో పాత కోపం కూడా కొంచెం ఉంది. లోపల లావణ్య అలసిపోయి, తెల్లబడకుండా, మామూలు రంగులో నవ్వుతోంది. నేను ముందు చూసింది ఆ రంగే. అలవాటు. కింది రెప్పలు, పెదవులు, గోళ్లు చూశాను. అన్నీ ఎర్రగానే ఉన్నాయి.

లావణ్య వాళ్లమ్మ, బావగారి పిల్లలు, గ్లాసు లేకుండా వచ్చిన పక్కింటి ముసలమ్మ, అందరూ మంచం చుట్టూ ఉన్నారు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఇంత జనంలో ఎలా లోపలికి వెళ్లాలో నాకు తెలియదు, చంటిపిల్లను ఎలా పట్టుకోవాలో అసలే తెలియదు. నర్సవ్వ తెల్లటి గుడ్డలో చుట్టిన పాపతో నా దగ్గరికి వచ్చింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టి ముందుకు లాగి, పాపను నా చేతుల్లో పెట్టింది.

"ఊకె సూసుకుంట నిలవడ్డవేంది బిడ్డా? ఎత్తుకో. గీ పిల్ల ఒక్కలది గాదు."